కాపడం నుంచి కల్లోలం దాకా: లాటిన్ ‘ఫొవేరే’ అర్థాలు ఎలా విస్తరించాయి

సంక్షిప్తంగా

లాటిన్‌లో ‘ఫొవేరే’ అంటే వెచ్చగా ఉంచడం. కోడి గుడ్లను పొదగడం, గాయానికి కాపడం పెట్టడం, బిడ్డను అక్కున చేర్చుకోవడం, ఆశను పెంచుకోవడం, రాజకీయంగా ఒక పక్షాన్ని వెనకేసుకురావడం ఈ ఒక్క క్రియతోనే చెప్పారు. వీటిని కలిపి ఉంచేది ఉష్ణోగ్రత కన్నా ఎక్కువగా ఎడతెగని సాన్నిహిత్యం. ఆధునిక భాషల్లో దీని సంతానం రెండు దారులు పట్టింది: ఇంగ్లీషులో రెచ్చగొట్టడానికి, స్పానిష్‌లో అభివృద్ధికి పేరైంది.

ఒకే మాట, పొంతన లేని చోట్లు

మోకాలి నొప్పితో ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లినవారి చీటీలో ‘హాట్ ఫొమెంటేషన్’ అని రాసి ఉంటుంది. తెలుగులో దాన్ని కాపడం అంటారు. ఇంగ్లీషు పత్రికల్లో అల్లర్ల వార్త చదివితే, ఫలానావారు ఉద్రిక్తతలను ‘ఫొమెంట్’ చేశారన్న ఆరోపణ కనిపిస్తుంది. 2020లో కరోనా మొదటి విడతలో పాల ప్యాకెట్లు కడుగుతూ, పార్సిళ్లను ఎండలో పెడుతూ గడిపిన రోజుల్లో వైద్యవార్తల్లో ‘ఫోమైట్’ అనే మాట పదే పదే వచ్చింది. రోగకారక క్రిమిని మోసుకొచ్చే తలుపు గొళ్లెం, బట్ట, పాత్ర వంటి నిర్జీవ వస్తువుకు అది పేరు.

నొప్పికి ఉపశమనం, ఊళ్లో గొడవ, రోగం అంటించే వస్తువు: ఈ మూడింటికీ పైకి ఏ సంబంధమూ కనిపించదు. అయినా మూడు మాటలూ ఒకే లాటిన్ క్రియ నుంచి వచ్చాయి. ఇంగ్లీషు నిఘంటువు మొదటి అర్థం, రెండో అర్థం అని అంకెలు వేసి వదిలేస్తుంది కనుక, ఒక అర్థం నుంచి మరొకటి ఎలా పుట్టిందో పాఠకుడికి తెలిసే వీలుండదు. ఆ దారి తెలియాలంటే రోమన్లు ఈ క్రియను ఏ సందర్భాల్లో వాడారో చూడాలి.

వేడి క్రియల కుటుంబంలో వేరుపడ్డ మాట

వేడిని చెప్పడానికి లాటిన్‌లో క్రియలకు కొదవ లేదు, పైగా అవి చక్కటి వరుసలో ఉంటాయి. ‘కలేరే’ అంటే వేడిగా ఉండడం, ‘కలేస్కెరే’ అంటే వేడెక్కడం, ‘కలెఫకెరే’ అంటే వేడి చేయడం. దీనికి ‘కలోర్’ అనే నామవాచకం, ‘కలిదుస్’ అనే విశేషణం ఉన్నాయి. ఇదే అచ్చులో గోరువెచ్చగా ఉండడానికి ‘తెపేరే’, దాని పక్కన ‘తెపోర్’, ‘తెపిదుస్’ ఉన్నాయి. మరగడానికి ‘ఫెర్వేరే’, చల్లగా ఉండడానికి ‘ఫ్రీగేరే’ కూడా ఇలాంటి పరివారంతోనే వస్తాయి. వేడెక్కడం, వేడి చేయడం వంటి జంటక్రియలను పక్కన పెడితే, వీటిలో మూలక్రియలన్నీ స్థితిని చెప్పేవే. నీరు వేడిగా ఉంది, నేల చల్లగా ఉంది అన్నప్పుడు అక్కడ ఎవరూ ఎవరికీ ఏమీ చేయడం లేదు.

ఈ స్థితివాచకాలకూ అలంకారిక ప్రయోగాలున్నాయి. రోమన్ కవి హొరేస్ తన గీతాల మొదటి సంపుటిలోని నాలుగో గీతం చివర లికిదాస్ అనే కుర్రవాడి గురించి చెబుతూ, ఇప్పుడు యువకులందరూ అతడి కోసం ‘కలెత్’, రేపు కన్నెపిల్లలు ‘తెపేబుంత్’ అంటాడు. ఒకరిది కాగిపోయే మోహం, మరొకరిది అప్పుడే మొదలయ్యే నులివెచ్చని తలపు. ఉష్ణోగ్రతల్లోని తేడానే కవి మనఃస్థితికి కొలతగా తీసుకున్నాడు. కలేరే వర్గం అలంకారాలు ఎక్కువగా ఇలా ఉంటాయి: మనసు ఎంత వేడెక్కిందన్నదే అక్కడి ప్రశ్న.

ఫొవేరే ఈ వరుసలో ఇమడదు. దానికి కలోర్ వంటి నామవాచకం లేదు, కలిదుస్ వంటి విశేషణం లేదు, ‘వేడెక్కడం’ అనే అర్థమిచ్చే జంటక్రియా లేదు. అది ఎప్పుడూ సకర్మకమే. ఒకరు మరొకరినో మరొకదాన్నో ఫొవేరే చేయాలి. అంటే ఈ క్రియ పుట్టుకతోనే ఇద్దరిని కోరుతుంది, వెచ్చదనం ఇచ్చేవారిని, పుచ్చుకునేవారిని. తర్వాత వచ్చిన అలంకారిక అర్థాలకు బీజం ఈ వ్యాకరణ లక్షణంలోనే ఉంది.

ఉచ్చారణ గురించి ఒక చిన్న మాట. క్రియలో ‘ఫొ’ హ్రస్వం, దాని నుంచి వచ్చిన ‘ఫోమెంతుమ్’, ‘ఫోమెస్’ అనే నామవాచకాల్లో దీర్ఘం. మధ్యలో ఉన్న వకారం కరిగిపోయి అచ్చు సాగింది. ‘మొవేరే’ అనే కదలికను చెప్పే క్రియ నుంచి ‘మోమెంతుమ్’ వచ్చిందీ ఇలాగే. రోమన్ లిపిలో మామూలుగా రాస్తే కనబడని ఈ తేడా తెలుగు లిపిలో తేటగా తెలుస్తుంది.

దహించే ధాతువుకు చుట్టం

తులనాత్మక భాషాశాస్త్రం ఫొవేరేను సంస్కృత ‘దహ్’ ధాతువుకు జ్ఞాతిగా చూస్తుంది. మొదటిసారి వినేవారికి ఇది నమ్మశక్యంగా ఉండదు, ఎందుకంటే రెండింటిలో ఒక్క హల్లు కూడా కలవదు. కానీ ధ్వని మార్పులు నియమం ప్రకారమే జరిగాయి. సంస్కృతం, లాటిన్ రెండూ పుట్టిన మూలభాషలోని పదాది ధకారం లాటిన్‌లో ఫకారమైంది: సంస్కృత ధూమం, లాటిన్ ‘ఫూముస్’ రెండూ పొగే. రెండు అచ్చుల నడుమ ఉన్న కంఠ్య మహాప్రాణం లాటిన్‌లో వకారమైంది: సంస్కృత లఘు, లాటిన్ ‘లెవిస్’ రెండూ తేలికే. ఈ రెండు నియమాలను కలిపితే దహ్ పక్కన ఫొవ్ వచ్చి నిలబడుతుంది. దహ్‌లో మొదటి అక్షరం ఒకప్పుడు మహాప్రాణమేనన్న సంగతికి సంస్కృతంలోనే సాక్ష్యం ఉంది. భవిష్యత్కాల రూపం ‘ధక్ష్యతి’లో ఆ ధకారం తిరిగి కనిపిస్తుంది. నిదాఘం అనే మాటలో ధాతువు చివరి ఘకారం కూడా బయటపడుతుంది.

రూపరీత్యా ఫొవేరే ప్రేరణార్థకం, అంటే ‘దాహయతి’కి సమానం. అక్షరాలా తీసుకుంటే ‘కాలేలా చేయడం’ అన్నమాట. తెలుగులోకి వచ్చిన దహనం, దగ్ధం, దాహం అన్నిటిలోనూ మంట ఉంది, ఎండిపోవడం ఉంది. లాటిన్ మాత్రం ఆ నిప్పును మచ్చిక చేసుకుని, కాల్చకుండా వెచ్చగా ఉంచే మోతాదుకు దించింది.

ఇటువంటి దిగుదల దీనికొక్కదానికే జరగలేదు. తెపేరే కూడా సంస్కృత ‘తప్’ ధాతువుకు సోదరి. తప్ నుంచి మనకు తాపం, తపన, పరితాపం వచ్చాయి, చివరికి ఒళ్లు హూనం చేసుకునే తపస్సు వచ్చింది. అదే మూలం లాటిన్‌లో గోరువెచ్చని నీళ్ల దగ్గర ఆగి, ఇంగ్లీషుకు చేరేసరికి ఉత్సాహం లేని స్పందనకు పెట్టే ‘టెపిడ్’ అనే పేరుగా మిగిలింది. ఒకే వేరు నుంచి ఒక భాషలో మహోగ్ర నిష్ఠ, ఇంకో భాషలో అరమనసు పుట్టాయంటే, మూలార్థం తెలిసినంత మాత్రాన మాట ఎటు నడుస్తుందో ముందే చెప్పలేమని తేలుతుంది.

పోలికలు చూసి పొరపడే చోట్లూ ఉన్నాయి. పెంపకాన్ని సూచించే ఇంగ్లీషు ‘ఫాస్టర్’ అర్థంలోనూ ధ్వనిలోనూ దగ్గరగా ఉన్నా, అది తిండికి సంబంధించిన జర్మానిక్ మాట. ‘ఫేవర్’కు మూలమైన ‘ఫవేరే’ను పాతకాలపు పండితులు కొందరు దీనితో ముడిపెట్టారు. నేటి వ్యుత్పత్తి శాస్త్రం రెండింటినీ వేరుగానే ఉంచుతుంది.

గుడ్డు, ఉప్పుమూట

వాచ్యార్థాన్ని దగ్గర నుంచి చూపించే వృత్తాంతం రోమన్ రచయిత ప్లినీ ‘ప్రకృతి చరిత్ర’ పదో భాగంలో ఉంది. తర్వాత అగస్టస్ చక్రవర్తికి భార్య అయిన లివియా, మొదటి భర్త ద్వారా తిబేరియస్‌ను కడుపుతో ఉన్న రోజుల్లో, మగపిల్లవాడు పుడతాడో లేదో తెలుసుకోవాలనుకుంది. ఒక గుడ్డును రొమ్ముల మధ్య పెట్టుకుని వెచ్చగా ఉంచింది. ఎప్పుడైనా పక్కన పెట్టాల్సి వస్తే కింద పెట్టకుండా దాదికి ఇచ్చి, ఆమె రొమ్ముల మధ్య ఉంచేది. వెచ్చదనం తెగిపోకూడదన్నదే కారణం. ఇక్కడ గుడ్డును వెచ్చగా ఉంచే పనికి ప్లినీ ఫొవేరే వాడాడు, తెగిపోకూడని వెచ్చదనానికి ‘తెపోర్’ అన్నాడు. మొదటిది ఇద్దరు ఆడవాళ్లు చేస్తున్న పని, రెండోది గుడ్డుకు ఉన్న స్థితి. ఒకే వాక్యంలో రెండు మాటల తేడా ఇంత శుభ్రంగా కనిపించే చోటు అరుదు. గుడ్డు పుంజుపిల్ల అయింది, క్రీ.పూ. 42లో తిబేరియస్ పుట్టాడు.

ఆ వెంటనే ప్లినీ మరో సంగతి చేర్చాడు. వెచ్చటి చోట పొట్టు పరిచి, దానిపై గుడ్లు పెట్టి, సన్నని మంటతో వెచ్చగా ఉంచుతూ, మనిషి వాటిని తిప్పుతూ పొదిగించే కొత్త పద్ధతికి బహుశా ఇదే దారి చూపి ఉంటుందంటాడు. ఆ వాక్యంలోనూ క్రియ ఫొవేరేనే. మంటకు ఆయన వేసిన విశేషణం ‘మితమైన’ అని. వేడి ఎక్కువైతే గుడ్డు ఉడుకుతుంది, మధ్యలో ఆగితే మురుగుతుంది. తక్కువ వేడి, ఎక్కువ సేపు, మనిషి కనిపెట్టుకుని ఉండడం: ఈ మూడూ కలిస్తేనే ఫొవేరే.

వైద్యంలో దీని నామరూపమైన ఫోమెంతుమ్ స్థిరపడింది. క్రీ.శ. 1వ శతాబ్దపు వైద్య రచయిత కెల్సుస్ తన గ్రంథం రెండో భాగంలో పొడి కాపడాల గురించి రాస్తూ కొర్రజాతి గింజలు, ఉప్పు, ఇసుక అని మూడు పేర్లు చెబుతాడు. వీటిలో దేన్నైనా వేడిచేసి నారబట్టలో వేసి ఒంటిమీద పెట్టాలంటాడు. తెలుగు ఇళ్లలో బెణికిన కాలికి ఉప్పు వేయించి గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టేవారికి ఈ విధానం కొత్తగా అనిపించదు. ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారని దీన్నిబట్టి చెప్పలేం. వేడిని ఎక్కువసేపు పట్టి ఉంచే చవకైన పదార్థాలు ఎక్కడైనా దాదాపు అవే.

చల్లటి కాపడం

మాట చరిత్రలో అసలు మలుపు ఇక్కడ వస్తుంది. అగస్టస్‌కు కాలేయం చెడి ప్రాణం మీదికి వచ్చినప్పుడు వేడి ఫోమెంతా, అంటే వేడి కాపడాలు, పనిచేయలేదనీ, అంతోనియుస్ మూసా అనే వైద్యుడి సలహాపై చల్లటివాటితో చికిత్స చేయించుకోవలసి వచ్చిందనీ రోమన్ రచయిత సుయెతోనియుస్ రాశాడు. చక్రవర్తి కోలుకున్నాడు. మూసాకు ప్రజలు చందాలు వేసి విగ్రహం పెట్టించారు. సుయెతోనియుస్ ‘వేడి’ అనే విశేషణాన్ని విడిగా చేర్చవలసి వచ్చిందంటేనే, ఫోమెంతుమ్ అనగానే వేడి దానంతటదే స్ఫురించే కాలం దాటిపోయిందని అర్థం. హొరేస్ తన లేఖల్లో ఒకచోట ఈ మాటకు ‘చల్లని’ అనే విశేషణాన్నే తగిలించి, చింతలకు పెట్టే చల్లటి ఫోమెంతా అన్నాడు. ఆ పదబంధాన్ని వ్యాఖ్యాతలు రకరకాలుగా వివరించినా, వెచ్చదనం నుంచి పుట్టిన మాట పక్కన చల్లదనం నిలవగలిగిందన్నది మాత్రం నిర్వివాదం.

కాబట్టి మాట నుంచి మొదట జారిపోయింది ఉష్ణోగ్రతే. మిగిలినవి ఒంటికి ఆనించి ఉంచడం, కొంతసేపు విడవకపోవడం, మేలు చేయాలన్న ఉద్దేశం. ఈ లక్షణాలు గాయానికి ఎంత సరిపోతాయో బిడ్డకు, ఆశకు, రాజకీయ పక్షానికి కూడా అంతే సరిపోతాయి. తెలుగులో ‘చల్లటి కాపడం’ అని వైద్య శీర్షికల్లో ఇప్పుడు రాస్తున్నారు. కాగడానికి సంబంధించిన మాటకు చల్లదనం అంటగట్టడం పొరపాటని ఎవరైనా ఆక్షేపిస్తే, ఇదే పని రెండు వేల ఏళ్ల కిందట రోమ్‌లో జరిగిందని చెప్పవచ్చు.

వర్జిల్ చేతిలో

ఈ క్రియకున్న మొత్తం విస్తృతి ఒక్క కవిలోనే చూడాలంటే వర్జిల్‌ను చూడాలి. ట్రాయ్ వీరుడు ఈనియాస్ కథ చెప్పే ఆయన మహాకావ్యం ‘ఈనియడ్’ ప్రారంభంలోనే జూనో దేవత కార్థేజ్ నగరాన్ని ప్రపంచానికి రాజధాని చేయాలని తలపోస్తూ, ఆ సంకల్పాన్ని ఫొవేరే చేస్తుంటుంది. మరో ప్రయోగం అదే సర్గ చివర వస్తుంది. ఈనియాస్ తల్లి అయిన వీనస్ దేవత పంపగా మన్మథుడు ఈనియాస్ కొడుకు వేషంలో వస్తే, కార్థేజ్ రాణి డైడో అతణ్ని ఒడిలో పెట్టుకుని లాలిస్తుంది, తన ఒడిలో కూర్చున్నది ఎంతటి దేవుడో ఆమెకు తెలియదు. పన్నెండో సర్గలో బాణం దిగిన ఈనియాస్‌కు ముసలి వైద్యుడు యాపిక్స్ గాయాన్ని నీటితో తడుపుతాడు. ఆ నీటిలో వీనస్ రహస్యంగా మూలిక కలిపిన సంగతి అతనికి తెలియదు. బాణం ఊడి వస్తుంది.

డైడో, యాపిక్స్ సన్నివేశాలు రెండింటిలోనూ క్రియ ఫొవేరే. రెండుచోట్లా చేస్తున్నవారు తెలియనివారేనని కవి స్పష్టంగా చెప్పాడు, రెండింటి వెనకా ఉన్నది వీనస్. ఒకచోట లాలన చేసిన మనిషి నాశనమైంది, మరోచోట చికిత్స పొందిన మనిషి బతికాడు. ఒడిలోని వెచ్చదనం ఎవరి నుంచి ఎవరికి పాకుతోందన్న సందేహాన్ని కవి కావాలనే వదిలాడని చదవడానికి వీలుంది.

మిగతా ప్రయోగాలు ఇంకా దూరం పోతాయి. నాలుగో సర్గలో వదంతి ఊరూరా మోసిన కబురేమంటే, డైడో, ఈనియాస్ భోగాల్లో మునిగి చలికాలం పొడవునా శీతకాలాన్నే ఫొవేరే చేస్తున్నారని. కర్మస్థానంలో మనిషి లేడు, కాలం ఉంది. చలిని వెచ్చగా ఉంచుతున్నారనడంలోని వైరుధ్యమే ఆ ప్రయోగానికి బలం. తొమ్మిదో సర్గలో ట్రాయ్ వీరులు బయటికి వచ్చి తలపడకుండా ‘శిబిరాన్ని ఫొవేరే చేస్తున్నారు’ అని శత్రువులు ఆశ్చర్యపోతారు. ఇక్కడ వెచ్చదనం లేదు, లాలనా లేదు. కదలకుండా అంటిపెట్టుకుని ఉండడం ఒక్కటే ఉంది, దానికి కాస్త వెటకారం తోడైంది. వర్జిల్ రాసిన వ్యవసాయ కావ్యంలో పశువుల కొట్టంలో నేలను కరుచుకుని పడుకున్న పాముకూ కవి ఇదే క్రియ వేశాడు. గుడ్లమీద కూర్చున్న కోడిని, నేలమీద చుట్టచుట్టుకున్న పామును కలిపేది భంగిమ మాత్రమే.

ఆశ, పక్షం, రాజకీయం

వచన రచయితలు ఇంత సాహసం చేయలేదు గానీ, రాజకీయ జీవితంలో ఈ క్రియ చాలా పనికొచ్చింది. క్రీ.పూ. 216లో కన్నే యుద్ధంలో కార్థేజ్ సేనాని హానిబల్ చేతిలో రోమ్ సైన్యం చిత్తయ్యాక, తప్పించుకున్న కొందరు అధికారులు కనూసియం పట్టణంలో సమాలోచన చేస్తున్నారు. అప్పుడు పుబ్లియుస్ ఫూరియుస్ ఫిలుస్ అనే యువకుడు వచ్చి, చేజారిపోయిన ఆశను ఊరికే ఫొవేరే చేస్తున్నారని చెప్పినట్టు రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. ఆరిపోతున్నదాన్ని ఇంకా వెచ్చగా ఉంచాలని చూడడం అనే చిత్రం అందులో ఉంది. ఆశను పెంచుకోవడం తప్పని లివీ అనలేదు, ఆ ఆశకు ప్రాణం లేదని ఫిలుస్ నోట అనిపించాడు. ఒక వర్గాన్ని, ఒక నాయకుణ్ని వెనకుండి నిలబెట్టడానికి కూడా ఇదే క్రియ వాడారు.

గమనించవలసింది ఏమంటే, క్రియ తనంతట మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. కర్మ ఏదైతే విలువ దానిదే. ఇంగ్లీషు ఫొమెంట్‌లోని చెడు వాసన మూలంలో లేదు.

రాజు చలి, బైబిలు సాక్ష్యం

క్రైస్తవ లాటిన్ ఈ అలంకారాన్ని దైనందిన భాషలోకి తెచ్చింది. వల్గేట్ అని పేరున్న లాటిన్ బైబిలులో రాజుల మొదటి గ్రంథం వృద్ధుడైన దావీదుతో మొదలవుతుంది. బట్టలు ఎన్ని కప్పినా ఆయనకు వేడి పుట్టదు. సేవకులు ఒక యువతిని వెదకుదామంటారు: ఆమె రాజు ఎదుట ఉండి ఆయన్ను ‘ఫొవేఅత్’, కౌగిట పడుకుని ఆయన్ను ‘కలెఫకియత్’. ఒకే వాక్యంలో రెండు వేడి క్రియలు ఉన్నాయి గానీ పనులు వేరు. హీబ్రూలో మొదటి చోట ఉన్నది పరిచారికకు సంబంధించిన మాట, వేడికి సంబంధించింది కాదు. గ్రీకు అనువాదం అక్కడ ‘థాల్పో’ అనే క్రియ వేసింది. దానికీ వెచ్చబరచడం, ఆదరించడం అనే రెండర్థాలు ఉన్నాయి. లాటిన్‌లో దానికి సరిజోడు ఫొవేరే. శరీరానికి ఉష్ణం కలిగించడం కలెఫకెరే వంతు అయింది. తెలుగు బైబిలు ఇక్కడ ‘ఆదరించి’ అని, ‘వెట్ట కలుగుటకై’ అని రెండు మాటలూ విడివిడిగా పెట్టింది.

కొత్త నిబంధనలో పౌలు లేఖల్లోనూ ఇదే జంట కనిపిస్తుంది. ఎఫెసీయులకు రాసిన లేఖలో ఎవడూ తన శరీరాన్ని ద్వేషించడని, దాన్ని పోషించి థాల్పో చేస్తాడని గ్రీకు చెబితే, లాటిన్ ఫొవేరే అంది, తెలుగు ‘సంరక్షించుకొనును’ అంది. థెస్సలొనీకయులకు రాసిన లేఖలో బిడ్డల్ని పెంచే తల్లి పోలిక దగ్గర తెలుగు ‘గారవించునట్లుగా’ అంది. తెలుగు మాటలు ఒద్దికగానే ఉన్నాయి, వాటిలో వేడి మాత్రం మిగల్లేదు. పెంతెకోస్తు పండుగ నాడు పాడే మధ్యయుగపు లాటిన్ కీర్తన పవిత్రాత్మను ‘చల్లబడినదాన్ని ఫొవేరే చేయి’ అని వేడుకుంటుంది. అప్పటికే అలంకారంగా అరిగిపోయిన మాటకు పక్కనే చలిని పెట్టి, ఆ కవి మళ్లీ వేడి ఎక్కించాడు.

నిప్పురవ్వ పట్టే దూది

ఇంతవరకు చెప్పింది ఆదరణ వైపు నడిచిన శాఖ. రెండో శాఖ ఫోమెస్ అనే నామవాచకానిది. చెకుముకి రాయి కొట్టినప్పుడు రాలే రవ్వను పట్టుకుని, ఆరనివ్వకుండా దాచి, మంటగా మార్చే ఎండు సరుకు ఫోమెస్. వర్జిల్ ‘ఈనియడ్’ మొదటి సర్గలోనే తుపాను నుంచి ఒడ్డుకు చేరిన ఈనియాస్ సహచరుడు ఆకాతెస్ చెకుముకి నుంచి నిప్పు తీసి ఫోమెస్‌లో మంట రగిలించే దృశ్యం ఉంది. యూరప్‌లో దీనికి చాలాకాలం వాడింది చెట్ల కాండాలపై పెరిగే ఒక గట్టి శిలీంధ్రాన్ని. దాని శాస్త్రీయ నామం ‘ఫోమెస్ ఫోమెంటేరియస్’, రెండు మాటలూ ఈ క్రియ పిల్లలే. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన సుమారు 5,300 ఏళ్ల నాటి మనిషి ‘ఓట్జీ’ దగ్గరున్న సంచిలో ఈ శిలీంధ్రం ముక్కలు ఉన్నాయి.

నిప్పును మోసే వస్తువు నుంచి రెండు రూపకాలు పుట్టాయి, రెండూ ఒకే ఏడాది ప్రముఖ పత్రాలకెక్కాయి. 1546 జూన్ 17న క్యాథలిక్ చర్చి జరిపిన ట్రెంట్ మహాసభ ఆదిపాపం గురించి చేసిన తీర్మానంలో, బాప్తిస్మం తర్వాత కూడా మనిషిలో మిగిలే కోరికను ఫోమెస్ అంది. అది పాపం కాదు, రవ్వ పడితే అంటుకోగల సరుకు. అదే 1546లో వెనిస్‌లో ఇటలీ వైద్యుడు గిరోలమో ఫ్రకస్తోరో అంటువ్యాధుల గ్రంథం అచ్చయింది. రోగం మూడు విధాల వ్యాపిస్తుందన్నాడాయన: నేరుగా తాకడం వల్ల, ఫోమెస్ ద్వారా, దూరం నుంచి. బట్టలు, కొయ్య వంటివి తాము చెడిపోకుండానే రోగబీజాలను దాచి ఉంచుతాయి కనుక వాటికి ఆ పేరు పెట్టాడు. ఈ ఫ్రకస్తోరో ట్రెంట్ సభకు వైద్యుడు కూడా. 1547లో అంటురోగం ఉందని ఆయన చెప్పిన మాటతోనే సభ బొలోన్యాకు తరలింది.

ఫ్రకస్తోరో రూపకంలో ముఖ్యమైనది దాచి ఉంచడం. ఫోమెస్ బహువచనం ‘ఫోమితెస్’ను ఇంగ్లీషువారు తమ బహువచనంలా భ్రమించి, చివరి సకారం తీసేసి ఫోమైట్ అనే ఏకవచనం తయారుచేసుకున్నారు. కరోనా విషయంలో వస్తువుల మీద వైరస్ కొంతసేపు నిలుస్తుందన్నది నిజమే అయినా, వాటి ద్వారా సోకే అవకాశం సాధారణంగా 10,000లో 1 కన్నా తక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021 ఏప్రిల్‌లో చెప్పింది. రవ్వ ఉన్నంత మాత్రాన మంట లేవదన్నమాట. 16వ శతాబ్దపు రూపకం ఈ లెక్కకు అడ్డు రాదు.

ఇంగ్లీషు, స్పానిష్ విడిపోయిన చోటు

ఇంగ్లీషులో ఫొమెంట్ మొదట 15వ శతాబ్దంలో వైద్యుల మాటగా, కాపడం పెట్టడం అనే అర్థంలో వచ్చింది. 17వ శతాబ్దం నాటికి అలంకారిక ప్రయోగం గట్టిపడి, తిరుగుబాటు, కలహం, అసంతృప్తి వంటి కర్మలతోనే ఎక్కువగా జతకట్టింది. ఒక క్రియ పక్కన పదే పదే చెడ్డ కర్మలే వస్తుంటే, కొంతకాలానికి ఆ చెడు క్రియలోకే ఇంకుతుంది. ఇప్పుడు ఇంగ్లీషులో శాంతిని ఫొమెంట్ చేశామంటే పాఠకుడు తప్పు దొర్లిందనుకుంటాడు. ధ్వనిలో దగ్గరగా ఉన్న ‘ఫర్మెంట్’తో కలిపేయడం కూడా ఉంది. అది మరగడాన్ని చెప్పే ఫెర్వేరే వైపు నుంచి వచ్చిన మాట, పులియడానికి సంబంధించింది.

స్పానిష్‌లో ‘ఫోమెంతార్’ మర్యాదస్థురాలిగానే మిగిలింది. చదువును, పర్యాటకాన్ని, పొదుపును ఫోమెంతార్ చేయవచ్చు. స్పెయిన్‌లో 1832లో ఏర్పడిన మంత్రిత్వ శాఖ పేరే ‘ఫోమెంతో’. ఆ శాఖ మంత్రిగానే హవియేర్ దె బుర్గోస్ 1833లో దేశాన్ని ప్రావిన్సులుగా విభజించాడు. రోడ్లు, రైళ్లు చూసే శాఖకు ఆ పేరు మధ్యలో విరామాలతో 2020 దాకా నడిచింది. స్పానిష్ ప్రకటనను ఇంగ్లీషు రూపసామ్యంతో చదివితే, ఒక ప్రభుత్వం అల్లర్ల శాఖను నడిపిందని అర్థం వస్తుంది.

మూలక్రియ ఫొవేరే మాత్రం జనభాషల్లో బతకలేదు. కలేరే అదృష్టం వేరు. ఫ్రెంచిలో అది ‘వేడి పుట్టించడం’ నుంచి ‘పట్టింపు కలగడం’ అనే అర్థానికి జరిగి, పట్టింపు లేనివాడికి ‘నాన్‌షలాంట్’ అనే పేరు ఇచ్చింది. కలెఫకెరే నుంచి ఆవిరి యంత్రం పొయ్యి రాజేసేవాడు షోఫర్ అయ్యాడు, తర్వాత కారు నడిపేవాడయ్యాడు. కలోర్ నుంచి వచ్చిన క్యాలరీ బిస్కెట్ ప్యాకెట్ల మీద తెలుగువారింటికి రోజూ వస్తోంది.

తెలుగులో ఏ మాట దగ్గర?

తెలుగులో ఫొవేరేకు సాటి చెప్పమంటే ముందు ‘కాచు’ తోస్తుంది, ఎందుకంటే పాలు కాచడం, చేను కాచడం రెండూ ఆ మాటే. కానీ ఇది వలలో పడేసే పోలిక. వేడికి సంబంధించిన కాచు ‘కాగు’కు జంట, రక్షణకు సంబంధించిన కాచు ‘కాపాడు’, ‘కావలి’ వైపుది. ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు వీటిని వేర్వేరు ధాతువుల కింద చూపిస్తుంది. ధ్వని కలిసింది గానీ అర్థం ఒకదాన్నుంచి మరొకటి పుట్టలేదు. కాపడం మాత్రం నిస్సందేహంగా మొదటి కాచు సంతానం.

నిజంగా దగ్గరైంది ‘పొదుగు’, దాని రూపాంతరం ‘పొదువు’. కోడి గుడ్లను పొదుగుతుంది, తల్లి బిడ్డను పొదువుకుంటుంది. లివియా గుడ్డుకూ డైడో ఒడికీ ఒకే మాట సరిపోతుంది. అయితే నడక తిరగబడింది. పొదువు అసలర్థం కమ్ముకోవడం, చుట్టూ ఆవరించడం. లాటిన్ వేడి నుంచి బయలుదేరి సాన్నిహిత్యానికి చేరితే, తెలుగు ఆవరించడం నుంచి బయలుదేరి వెచ్చదనానికి చేరింది.

రాజకీయ ప్రయోగానికి పొదువు రాదు. గొడవల విషయంలో తెలుగు ‘ఎగదోయడం’, ‘చిచ్చు రాజేయడం’, ‘ఆజ్యం పోయడం’ అంటుంది. మూడోది యజ్ఞకుండం నుంచి వచ్చింది. ఆజ్యం ఒక్కసారి పోస్తే భగ్గుమంటుంది, ఫొవేరేలోని నిదానం అందులో లేదు. అందుకే ‘ద్వేషాన్ని ఏళ్ల తరబడి ఫొమెంట్ చేశారు’ అన్న ఇంగ్లీషు వాక్యానికి ఆజ్యం పోశారని రాస్తే కాలం జారిపోతుంది. అక్కడ ‘పెంచి పోషించారు’ అన్నదే నిలుస్తుంది, వేడి పోయినా వ్యవధి దక్కుతుంది. లివీ వాక్యంలోని చేజారిన ఆశకు కూడా ఆ పోషించే వైపు మాటలే పనికొస్తాయి.